జిల్లాకు పేరిచ్చిన వకీలు

నేను పుట్టినప్పుడు మా ఊరు రంగారెడ్డి జిల్లాలో ఉంది. పదో తరగతి పరీక్ష రాసేనాటికి వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. ఊరు ఎక్కడికీ కదలలేదు. 2016 అక్టోబరు 11న జిల్లా మారింది, అంతే. తాండూరు, వికారాబాదు, పరిగి వైపు నుంచి ఈ కాలేజీకి వచ్చిన మిత్రులందరి కాగితాల్లోనూ ఇదే కథ.

ఇంతకీ ఆ రంగారెడ్డి ఎవరు అని హాస్టల్లో నలుగురిని అడిగి చూశాను. ఒకరు మంత్రి అన్నారు. ఒకరు నిజాం మీద కొట్లాడిన పెద్దమనిషి అన్నారు. ఇంకొకరు రంగారెడ్డి జిల్లాలో గజం ఎంత పలుకుతున్నదో చెప్పటం మొదలుపెట్టారు. మొదటి ఇద్దరూ చెప్పింది నిజమే. కాని ఆ రెంటికీ ముందు ఆయన వకీలు. తగాదా వచ్చిన మనిషి కాగితాల మూట చంకన పెట్టుకొని వెతుక్కుంటూ పోయే వకీలు. ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి ఒకసారి చూస్తే మనవంటి రైతుబిడ్డలకు పనికివచ్చే సంగతి ఒకటి కనబడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

కచ్చేరీల కాలం

కొండా వెంకట రంగారెడ్డి గారు 1890 డిసెంబరు 12న మొయినాబాదు దగ్గరి పెద్దమంగళారం గ్రామంలో పుట్టారు. అది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడి. ఆనాటి పల్లెటూరి తెలుగు పిల్లవాడు వకీలు కావటమంటే ఎంత పని అన్నది ఈనాడు మనకు ఊహకందదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. కచ్చేరీలో నడిచేది ఉర్దూ. అర్జీ ఉర్దూలో, సాక్షి వాఙ్మూలం ఉర్దూలో, తీర్పు ఉర్దూలో. రైతు తన పొలం గురించి తాను చెప్పుకొన్న మాటనే కాగితం మీద చదువుకోలేని పరిస్థితి. కనుక ఆనాటి వకీలు చేసే మొదటి పని వాదించటం కాదు, అర్థం చెప్పటం.

భాష ఒక్కటే అడ్డంకి కాదు. హైదరాబాదు రాజ్యంలో భూమి అంతా ఒకే ఏలుబడిలో లేదు. ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే దివానీ ఇలాకా ఒకటి. నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే సర్ఫెఖాస్ ఇంకొకటి. ఇవిగాక పైగా నవాబుల ఇలాకాలు, జాగీర్లు, సంస్థానాలు. హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫెఖాసుకు చెందింది. మన వికారాబాదు పేరు పైగా నవాబు సర్ వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వచ్చింది. ఆయన 1893 నుంచి 1901 దాకా నిజాంకు దివానుగా పనిచేసినవాడు. పైగాలకు సొంత పోలీసులు, సొంత కచ్చేరీలు ఉండేవి. అంటే ఈ గట్టు మీద తగాదా ఒక కచ్చేరీకి, ఆ గట్టు మీద తగాదా మరో కచ్చేరీకి పోవలసి వచ్చేది. తప్పు కచ్చేరీలో అర్జీ పెడితే ఏళ్ళు గడిచిపోతాయి. ఏ తగాదా ఎక్కడ తెగుతుందో ముందే చెప్పగలిగినవాడే అనుభవం గల వకీలు.

అటువంటి రోజుల్లో రంగారెడ్డి గారు వకాలతు పరీక్ష గట్టెక్కి హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టారు. 1874 నుంచే వాడి – సికింద్రాబాదు రైలు మన తాండూరు, వికారాబాదుల మీదుగా నడుస్తున్నది. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు కొత్త భవనం తెరిచారు. మన అనంతగిరి గుట్టల్లో పుట్టిన నీళ్ళే ఆ భవనం పక్కనుంచి పారుతాయన్నది వేరే సంగతి. పల్లెల నుంచి పట్నం వచ్చే కక్షిదారులకు తమ భాషలో తమ గోడు వినే వకీళ్ళు చాలా తక్కువ. ఆ తక్కువమందిలో ఆయన ఒకరు.

చట్టం కాగితాన్ని ఊరికి చేర్చినవారు

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహారాష్ట్రకు చెందిన సుప్రసిద్ధ విద్యావేత్త ధోండో కేశవ కార్వే. ఆ సభలో అల్లంపల్లి వెంకట రామారావు అనే హైకోర్టు వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి కూర్చోబెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగువారే ఎక్కువమంది, అయినా వారి భాషకు రాజధాని సభలో గతి అది. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొందరు తెలుగువారు కలిసి ఆంధ్రజన సంఘాన్ని స్థాపించుకొన్నారు. మరుసటి సంవత్సరం 1922లో సంఘం తొలి సభకు రంగారెడ్డి గారు అధ్యక్షత వహించారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటి వారు ఈ ఉద్యమంలో ఆయనకు తోడు. వీరిలో ఎక్కువమంది వకీళ్ళే అన్న సంగతి గమనించదగినది.

వకీళ్ళు పెట్టిన సంఘం కనుక పని కూడా వకీళ్ళ తీరులోనే సాగింది. ఆ రోజుల్లో అధికారులు ఊళ్ళో మకాం వేస్తే బియ్యం, పప్పు, నెయ్యి, దీపపు నూనె కోమటి దుకాణం నుంచి తెప్పించుకొనేవారు. దీనికి రసద్ అని పేరు. ఇస్తే నామమాత్రపు ధర, లేకుంటే అదీ లేదు. ఊరి చేతిపనుల వారు వెట్టి చేయాలి. ఇదంతా సర్కారు హుకుం అని పటేలు, పట్వారీ చెబితే ఎదురు చెప్పేవాడు లేడు. సంఘం వారు ఏం చేశారంటే, ఇటువంటి బలవంతాలను నిషేధిస్తూ ప్రభుత్వమే జారీచేసిన ఉత్తరువులను సంపాదించి, తెలుగులో పెట్టి, చిన్న పుస్తకాలుగా అచ్చువేసి ఊళ్ళకు పంపారు. వర్తక స్వాతంత్ర్యం, వెట్టిచాకిరీ, మొహతర్ఫా పన్ను – ఇవి ఆ పుస్తకాల విషయాలు.

మిత్రులారా, దీన్ని మనం చిన్న సంగతిగా తీసిపారేయరాదు. వర్తకుడి చేతిలో కత్తి పెట్టలేదు, కాగితం పెట్టారు. అధికారి వచ్చి సరుకు అడిగినప్పుడు, ఫలానా ఉత్తరువు ప్రకారం ధర కట్టాలి దొరా అని దుకాణదారు అనగలిగాడు. కోర్టు మెట్లు ఎక్కకుండానే తగాదా తెగింది. వ్యాపారికి వకీలు చేసిపెట్టగల ఉత్తమమైన సహాయం అదే. కేసు గెలవటం తరువాతి మాట. కేసు అవసరమే లేకుండా చేయటం మొదటి మాట.

ఈ సందర్భంలో మరో వకీలు కూడా గుర్తుకు రాక మానడు. 1893లో గాంధీ దక్షిణాఫ్రికా పోయింది ఒక వ్యాపార తగాదా కోసమే. దాదా అబ్దుల్లా కంపెనీకి, వారి బంధువైన తయ్యబ్ సేఠ్‌కు మధ్య 40,000 పౌన్ల దావా అది. ఆ లెక్కల పుస్తకాలన్నీ చదివిన గాంధీ, కేసు సాగితే ఇరువైపులా వకీళ్ళే మిగులుతారని గ్రహించి, మధ్యవర్తి తీర్పుకు ఇద్దరినీ ఒప్పించాడు. తీర్పు అబ్దుల్లాకు అనుకూలంగా వచ్చింది. అయినా ఓడినవాడు ఒక్కసారిగా కట్టలేడని తెలిసి, వాయిదాల మీద కట్టేటట్లు గెలిచినవాణ్ణి కూడా ఒప్పించాడు. తగాదా తీరింది, చుట్టరికం నిలిచింది.

సభలు, పదవులు

ఆంధ్రజన సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభగా అవతరించింది. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఐదవ ఆంధ్రమహాసభకు రంగారెడ్డి గారు అధ్యక్షులు. 1943లో హైదరాబాదులో జరిగిన పదవ మహాసభకు మళ్ళీ ఆయనే అధ్యక్షులయ్యారు. అప్పటికి సభలో రెండు వర్గాలు తేలాయి: అర్జీలు, తీర్మానాలు, చట్టాల దారిన పోదామనే మితవాదులు ఒకవైపు, రైతుకూలీలను కూడగట్టి పోరాడాలనే కమ్యూనిస్టులు మరొకవైపు. రంగారెడ్డి గారు మొదటి వర్గం. 1944 భువనగిరి సభతో చీలిక పూర్తయింది. ఏ దారి మంచిదన్న చర్చ ఈనాటికీ మన క్యాంటీనులో తెగటం లేదు కనుక నేను తీర్పు చెప్పబోను. ఒక్కటి మాత్రం చెబుతాను. కాగితం దారి నెమ్మదైనది. ఆకలిగొన్నవాడు అంత నెమ్మదిగా నడవలేడు. రంగారెడ్డి గారి వర్గం మీద ఆనాడు వచ్చిన విమర్శలో ఈ నిజం ఉంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. ఒక ఊరికి ఒక కచ్చేరీ, పక్క ఊరికి మరో కచ్చేరీ అనే గందరగోళం పోయింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. ఆ చట్టంలోని 38-ఇ సెక్షను కింద ఇచ్చిన సర్టిఫికెట్ల మీద మన జిల్లా కోర్టుల్లో ఈనాటికీ వాదనలు నడుస్తాయి. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి కాగా, రంగారెడ్డి గారు ఆ మంత్రివర్గంలో చేరారు. ఆయన మేనల్లుడు డాక్టర్ మర్రి చెన్నారెడ్డి కూడా అదే మంత్రివర్గంలో ఉన్నారు. ఆయనది మర్పల్లి దగ్గరి సిరిపురం. వికారాబాదు నుంచి 1952లో, తాండూరు నుంచి 1962, 1967లలో శాసనసభకు ఎన్నికైన మన ప్రాంతపు మనిషి.

పెద్దమనుషుల ఒప్పందం

ఇక ఆయన జీవితంలో పెద్ద కాగితం ముచ్చట. తెలంగాణను ఆంధ్ర రాష్ట్రంతో కలపాలన్న మాట వచ్చినప్పుడు రంగారెడ్డి గారు ఒప్పుకోలేదు. తెలంగాణ వేరుగా ఉండాలన్నది ఆయన వాదన. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం కూడా కొంతకాలం హైదరాబాదు రాష్ట్రాన్ని వేరుగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకొంటే కలపవచ్చునని చెప్పింది. ఢిల్లీ పెద్దలు అంతవరకు ఆగలేదు. కలపక తప్పదని తేలినప్పుడు, కలిసేముందు షరతులైనా రాయించుకోవాలని వకీలు బుద్ధి చెబుతుంది. రంగారెడ్డి గారూ అదే చేశారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆ ఒప్పందం జరిగింది. తెలంగాణ వైపున సంతకం చేసినవారు బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నరసింగరావు. ఆంధ్ర వైపున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ ఆదాయంలో మిగులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి. ఉద్యోగాలకు 12 సంవత్సరాల నివాసం ఉండాలి. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవాడు కావాలి. అంతా పద్ధతిగానే రాసుకొన్నారు.

దానికి పెద్దమనుషుల ఒప్పందం అని పేరు పడింది. మన ఊళ్ళలో ఈ మాట కొత్తది కాదు. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా ముందు పెద్దమనుషుల్లో పెడతాం. వేపచెట్టు కింద నలుగురు కూర్చుంటారు, ఒక మాట అనుకొంటారు, తెల్లకాగితం మీద రాసి వేలిముద్రలు వేస్తారు. ఆ మాట నిలిచినంతకాలం అది సుప్రీంకోర్టు తీర్పుకంటే గొప్పది. నిలవనినాడు దాన్ని నిలబెట్టే నాథుడు లేడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవి లేకుండా పోయింది. దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్న 1960–62 సంవత్సరాల్లో రంగారెడ్డి గారు ఉపముఖ్యమంత్రిగా పనిచేశారు. కాని ఒప్పందంలోని ఇతర షరతులు ఒక్కొక్కటిగా పలచబడుతూ వచ్చాయి. ప్రాంతీయ సంఘం రాజ్యాంగం 371వ అధికరణం ద్వారా వచ్చింది గాని, ఒప్పందంలో అనుకొన్నంత అధికారం దానికి లేదు. నివాస నిబంధన కోసం 1957లో పార్లమెంటు చట్టం చేస్తే, 1969 మార్చిలో సుప్రీంకోర్టు తెలంగాణకు సంబంధించిన ఆ భాగం చెల్లదని కొట్టివేసింది. ఒప్పందం తప్పినవారి మీద ఏ కోర్టులో దావా వేయాలి? ఆ ఒప్పందం చట్టం కాదు, స్టాంపు కాగితం మీది కరారు కూడా కాదు. ఇద్దరి మంచితనం తప్ప దానికి వేరే హామీదారు లేడు.

నలభై ఏళ్ళు కాగితాలతో బతికిన వకీలు, బూర్గుల వంటి ఉద్దండుడైన మరో వకీలు, ఇద్దరూ కూర్చొని సంతకం చేసిన కాగితానికే ఈ గతి పట్టింది. వారికి తెలియక కాదు. ఆనాటి పరిస్థితిలో అంతకంటే గట్టి కాగితం వారికి దొరకలేదు. అయినా ఫలితం ఫలితమే. 1969లో విద్యార్థులు రోడ్డెక్కారు. మన ఈడువాళ్ళు తుపాకీ గుండ్లకు బలయ్యారు. రంగారెడ్డి గారు తన చివరి రోజుల్లో ఇదంతా చూసి, 1970 జూలై 24న కన్నుమూశారు. ఎనిమిదేళ్ళ తరువాత 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి కొత్త జిల్లాను వేరుచేసి ఆయన పేరు పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి ఆయన మేనల్లుడు చెన్నారెడ్డి గారే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. ఈసారి పెద్దమనుషుల మాట మీద కాదు, పార్లమెంటు చేసిన చట్టం మీద.

మనకేమి సంబంధం?

ఈ కథ నాకు ఇంత దగ్గరగా తోచటానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా తాత కొన్న రెండెకరాల నల్లరేగడి చెల్క సాదా బైనామా మీద ఉంది. అంటే రిజిస్ట్రీ లేని తెల్లకాగితం. పెద్దమనుషుల ఎదుట డబ్బు ఇచ్చారు, కాగితం రాసుకొన్నారు, అప్పటినుంచి కంది, జొన్న మేమే వేస్తున్నాము. అమ్మిన పెద్దాయన ఉన్నన్నాళ్ళు మాట తప్పలేదు. ఇప్పుడు ఆయన మనుమలు భూమి మాది అంటున్నారు. అచ్చంగా 1956 ఒప్పందమే, రెండెకరాల కొలతలో.

మా నాయన వకీలు దగ్గరికి పోనంటాడు. కోర్టుకు పోతే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అని ఆయన సామెత. దాంట్లో అబద్ధం లేదు. మొన్నమొన్నటిదాకా పెద్ద దావా అయితే తాండూరు నుంచి వంద కిలోమీటర్లు దాటి ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు పోవాలి. ఒక వాయిదాకు ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, భోజనం. 2022 జూన్ 2 నుంచి వికారాబాదులోనే జిల్లా కోర్టు నడుస్తున్నది. ఆ సంగతి చెప్పి, చివరకు మా పెదనాయనతో కలిసి నేనే నాయనను వికారాబాదు తీసుకుపోయాను.

ముందు కలిసిన వకీలు మా మాట రెండు నిమిషాలు విని, కేసు ఖాయంగా గెలుస్తామని చెప్పి, ఫీజు ఎంతో చెప్పాడు. తరువాత కలిసిన పెద్ద వకీలు గెలుపు మాటే ఎత్తలేదు. బైనామా కాగితం అడిగాడు. పాత పహాణీ నకళ్ళు అడిగాడు. శిస్తు రసీదులు ఉన్నాయా, సాక్షుల్లో ఎవరు బతికి ఉన్నారు, 2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టారా, ఆ నంబరు ఏది, మీరు దున్నుతున్నట్లు పక్క పొలంవాళ్ళు చెబుతారా అని అడిగాడు. దరఖాస్తు ఉంటే 2025 భూభారతి చట్టం కింద ఒక దారి, లేకుంటే మరో దారి, ఏ దారికైనా గడువు ఉంటుంది అని చెప్పాడు. ఆ తరువాత, అవతలివాళ్ళతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు అని అడిగాడు. మా నాయన ఆ రెండవ మనిషినే నమ్మాడు. రైతుకు విత్తనం చూడగానే తెలిసినట్లు ఆయనకు తెలిసింది. పనింకా సాగుతున్నది, ఫలితం చెప్పే వేళ రాలేదు.

ఒక్క భూమి సంగతే కాదు. మా తాండూరులో కంది మార్కెట్టు ఉంది, నాపరాయి గనులు, పాలిషింగు యూనిట్లు ఉన్నాయి. ఇద్దరు స్నేహితులు నోటిమాట మీద వాటా పెట్టి యూనిట్ నడిపిస్తారు. రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ, సరుకు తీసుకొని డబ్బు ఎగ్గొట్టినవాడి మీద కరారు ఆధారంగా దావా వేయలేదని 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షను చెబుతుంది. ప్రామిసరీ నోటు మీద బాకీకి మూడేళ్ళు దాటితే మామూలుగా కోర్టు తలుపు మూసుకొంటుంది. అడ్తి దగ్గర తీసుకొన్న తక్‌పట్టీని చింపి పారేసే రైతుకు రేపు లెక్క తేలదు. ఇవన్నీ తగాదాకు ముందు వకీలును ఒక గంట అడిగితే తెలిసే సంగతులు.

వకీలును పెట్టుకొనేవారికి నేను తెలుసుకొన్నంతలో నాలుగు మాటలు చెబుతాను. అనుభవం అంటే నెరిసిన జుట్టు ఒక్కటే కాదు. మన రకం తగాదాలో అనుభవం. క్రిమినలు కేసుల్లో పేరున్నవాడు భూమి రికార్డులో కొత్తవాడు కావచ్చు. గెలిచిన ఆస్తిలో వాటా అడిగే ఒప్పందం బార్ కౌన్సిలు నియమాలకు విరుద్ధం. ఫీజు ఎంతో, ఏ దశలో ఎంతో ముందే తేల్చుకోవాలి. ఫీజు బాకీ ఉందని మన కాగితాలు ఆపుకొనే హక్కు వకీలుకు లేదని 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు తేల్చింది. వకాలత్‌నామా మీద సంతకం పెట్టేముందు చదవాలి, చదివించుకోవాలి. డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, తక్కువ ఆదాయం గలవారికి ఉచితంగా వకీలును ఇస్తారు.

అదే చట్టం మన పెద్దమనుషుల పద్ధతికి కొత్త బలం ఇచ్చింది. లోక్ అదాలత్‌లో ఇరువురూ రాజీపడి రాసుకొన్న అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. పెండింగు కేసు రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో మధ్యవర్తి ఎదుట కుదిరిన లిఖిత ఒప్పందాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకొనే నిబంధన ఉంది. వేపచెట్టు కింది మాటకు ఇప్పుడు కోర్టు ముద్ర వేయించుకోవచ్చు. రంగారెడ్డి గారికి ఢిల్లీలో దొరకని హామీదారు, ఒక మామూలు రైతుకు వికారాబాదు కోర్టు ఆవరణలో దొరుకుతున్నాడు.

రంగారెడ్డి గారి జీవితంలో నాకు రెండు కాగితాలు కనిపిస్తాయి. ఒకటి 1920లలో ఊరి దుకాణదారు చేతికి అందిన చిన్న పుస్తకం. దాని వెనుక ప్రభుత్వ ఉత్తరువు ఉంది, అది పనిచేసింది. రెండవది 1956లో ఎనిమిదిమంది పెద్దలు సంతకం చేసిన ఒప్పందం. దాని వెనుక ఎవరూ లేరు, అది చెదిరిపోయింది. సంతకం చేసినవారి గొప్పతనం కాగితాన్ని కాపాడదు. తప్పినవాణ్ణి అడిగే చోటు ఒకటి ఉంటేనే కాగితం నిలుస్తుంది. మంచి వకీలు ఆ చోటును ముందే చూసిపెడతాడు.

మనలో చాలామందిమి మన ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. మనం వకీళ్ళం కాకపోవచ్చు. నేను రేపు ఏ ల్యాబొరేటరీలోనో, ఏ బడిలోనో పనిచేస్తుండవచ్చు. కాని ఇంట్లో చెక్కపెట్టె అడుగున ఉన్న కాగితాలను చదివి అర్థం చెప్పగలిగినవాళ్ళం ప్రస్తుతానికి మనమే. ఈ సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ పెట్టె ఒకసారి తీయండి. ఏ కాగితం రిజిస్ట్రీ అయింది, ఏది కాలేదు, దేనికి గడువు దగ్గరపడింది అన్నది ఒక తెల్లకాగితం మీద రాసి నాయనకు, అమ్మకు చదివి వినిపించండి. ఆ తరువాత అవసరమైతే మంచి వకీలు దగ్గరికి, తగాదా ముదరకముందే, వెంటబెట్టుకొని పొండి.